గట్టి హబ్ వేసుకుంటే సరిపోతుందా? రూల్‌బుక్ ఏమంటుందో కూడా చూద్దాం

ఈ ఎపిసోడ్‌లో టాపిక్ కాస్త గ్రీజు అంటుకునే టాపిక్. వీల్ హబ్. కారు గురించి మాట్లాడేటప్పుడు ఇంజిన్ గురించి గంటలు గంటలు మాట్లాడతాం, టైర్ల గురించి కొట్టుకుంటాం, ఎగ్జాస్ట్ సౌండ్ గురించి అయితే చెప్పక్కర్లేదు. కానీ చక్రాన్ని కారుకి పట్టి ఉంచే ముక్క గురించి ఎవరూ అడగరు, అది అరవడం మొదలుపెట్టేదాకా.

ఈ మధ్య ఇక్కడ అమెరికాలో ఉన్న మన తెలుగు కుర్రాళ్ళు చాలామంది శని ఆదివారాలు ఆటోక్రాస్‌కి వస్తున్నారు. వారమంతా స్టాండప్ మీటింగులు, వీకెండ్ వస్తే హెల్మెట్. అందులో ఎక్కువమంది కొనే కారు మాజ్డా మియాటా. చవక, తేలిక, వెనక చక్రాలతో నడిచే కారు, పార్టులు ఎక్కడైనా దొరుకుతాయి. నేను నడిపేది కూడా అదే, రెండో తరం మియాటా. అందుకే నాకు తరచూ వచ్చే ప్రశ్న ఇది: "అన్నా, ముందు హబ్ సౌండ్ వస్తోంది. ఎలాగూ మార్చాలి కదా, రేసింగ్ వాళ్ళు అమ్మే గట్టి హబ్ వేసేసుకుంటే పోలా?"

ఇందులో రెండు ప్రశ్నలున్నాయి. ఒకటి, అది నిజంగా అవసరమా? రెండు, అది వేసుకున్నాక నువ్వు పోటీ చేసే క్లాస్‌లో నీ కారు చెల్లుతుందా? ఈ రెండింటినీ కలిపేస్తేనే గొడవ. విడివిడిగా చూద్దాం.

ముందు హబ్ అంటే ఏంటో చూద్దాం. ఎద్దులబండి గుర్తు తెచ్చుకోండి. ఇరుసు కదలదు, దాని మీద చక్రం తిరుగుతుంది. మియాటా ముందు చక్రం కూడా అంతే. ముందు చక్రాలకి ఇంజిన్ పవర్ రాదు కాబట్టి అక్కడ ఉండేది కదలని ఒక పొట్టి ఇరుసు. దాని మీద హబ్ కూర్చుంటుంది. ఆ హబ్ లోపలే రెండు వరుసల బాల్ బేరింగ్, గ్రీజు, సీల్ అన్నీ కలిపి ఒకే యూనిట్‌గా వస్తాయి. బయట ఒక ఫ్లాంజ్, దానికి నాలుగు స్టడ్‌లు. డిస్క్, చక్రం రెండూ ఆ నాలుగు స్టడ్‌ల మీదే. అరచేతిలో పట్టే ముక్క. మలుపులో మీ ప్రాణం దాని మీద ఉంటుంది.

ఎంత బరువు పడుతుందో లెక్క వేద్దాం. బీటెక్‌లో అప్లైడ్ మెకానిక్స్ బట్టీ పట్టినందుకు ఇప్పటికైనా వాడుకుందాం. డ్రైవర్‌తో కలిపి కారు 1,100 కిలోలు అనుకోండి. మంచి స్ట్రీట్ టైర్లతో మలుపులో 1 జీ పట్టు వచ్చిందనుకుందాం. అంటే కారుని పక్కకి లాగే బలం మొత్తం దాదాపు 10,800 న్యూటన్లు. అందులో 40 శాతం బయటివైపు ముందు టైరు మీదే పడిందనుకుంటే, సుమారు 4,300 న్యూటన్లు. ఈ బలం పనిచేసేది ఎక్కడ? టైరు రోడ్డుని తాకే చోట. హబ్ మధ్య నుంచి అక్కడికి దూరం సుమారు 0.28 మీటర్లు. గుణిస్తే 1,200 న్యూటన్ మీటర్లు.

ఈ అంకె మీకు ఊహకి అందాలంటే ఇలా చూడండి. గోడకి బిగించిన 1.8 మీటర్ల రాడ్ చివర 68 కిలోల మనిషి వేలాడితే గోడ దగ్గర పడే మెలి అంత ఉంటుంది. ఆ మనిషి ప్రతి మలుపులో వేలాడతాడు, దిగుతాడు, మళ్ళీ అవతలివైపు వేలాడతాడు. ట్రాక్ మీద 20 నిమిషాల సెషన్‌లో ఎన్నిసార్లో మీరే లెక్కపెట్టుకోండి.

ఇప్పుడు టైర్లు మార్చాం. స్ట్రీట్ టైర్లు తీసేసి, రేసింగ్ స్లిక్‌లు వేశాం. పట్టు 1.3 జీ అయింది. లోడ్ 30 శాతం పెరిగింది, అంతే కదా అనుకుంటాం. బాల్ బేరింగ్ ఆయుష్షు లోడ్‌తో నేరుగా తగ్గదు. లోడ్ ఘనానికి విలోమంగా తగ్గుతుంది. 1.3 ని మూడుసార్లు గుణించండి, దాదాపు 2.2. అంటే 30 శాతం పట్టు పెరిగితే బేరింగ్ ఆయుష్షు సగానికన్నా కిందికి పడిపోతుంది. ఇది ఏ కంపెనీ తప్పూ కాదు. రోడ్డు మీద ఆఫీసుకి వెళ్ళే లోడ్‌కి డిజైన్ చేసిన ముక్క అది. మనం దానితో వేరే ఉద్యోగం చేయిస్తున్నాం.

దీనికి తోడు వేడి. డిస్క్ హబ్‌కి ఆనుకునే ఉంటుంది. గట్టిగా బ్రేక్ వేసిన ప్రతిసారీ ఆ వేడి హబ్‌లోకి పాకుతుంది. గ్రీజు పలచబడుతుంది, సీల్ గట్టిపడుతుంది, అక్కడినుంచి కథ వేగంగా నడుస్తుంది.

చాలామంది వీల్ స్పేసర్‌ని తిడతారు, "స్పేసర్ వేశావు, అందుకే హబ్ పోయింది" అని. లెక్క చూడండి. 7 మిల్లీమీటర్ల స్పేసర్, చక్రం మీద నిలువు లోడ్ 4,000 న్యూటన్లు అనుకుంటే, తేడా 28 న్యూటన్ మీటర్లు. 1,200 ముందు 28 ఎంత? అసలు దోషి స్పేసర్ కాదు, జిగురు టైరు. స్పేసర్‌తో వచ్చే ప్రమాదం వేరు. స్టడ్ పొడవు సరిపోక నట్టుకి పట్టే మరలు తగ్గిపోతే అది నిజమైన ప్రమాదం. దాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు.

సరే, హబ్ పోతోందని ఎలా తెలుస్తుంది? మూడు గుర్తులు చెప్తా.

ఒకటి, శబ్దం. స్పీడ్‌తో పెరిగే గుర్రుమనే శబ్దం, స్టీరింగ్ ఒకవైపు తిప్పితే పెరిగి రెండోవైపు తిప్పితే తగ్గుతుంది. టైరు శబ్దం అలా మారదు.

రెండు, ఊగులాట. కారుని జాక్ మీద లేపి, స్టాండ్ పెట్టి, చక్రాన్ని పైనా కిందా, అంటే గడియారంలో 12, 6 ఉండే చోట పట్టుకుని ఊపండి. టక్ టక్ అని ఆడితే హబ్ మీద అనుమానం. కుడీ ఎడమా పట్టుకుంటేనే ఆడుతోందంటే ముందు టై రాడ్ చూడండి. పైనా కిందా ఆడుతున్నా బాల్ జాయింట్ కూడా ఒకసారి చూసుకోండి. ఒకళ్ళు ఊపుతుంటే ఇంకొకళ్ళు లోపలివైపు చూడాలి.

మూడోది చాలామందికి తెలియనిది. పొడవైన స్ట్రెయిట్ తర్వాత మొదటిసారి బ్రేక్ తొక్కితే పెడల్ లోపలికి వెళ్ళిపోతుంది, రెండోసారి తొక్కితే మామూలుగా ఉంటుంది. అందరూ బ్రేక్ ఫ్లూయిడ్ మారుస్తారు, గాలి తీస్తారు, ఫలితం ఉండదు. ఏం జరుగుతోందంటే, హబ్ మలుపులో కొంచెం వంగి, దానితో పాటు డిస్క్ కూడా వంగి, బ్రేక్ ప్యాడ్‌లని వెనక్కి నెట్టేస్తోంది. తర్వాత మీరు బ్రేక్ వేస్తే ముందు ఆ ఖాళీ నిండాలి. వంద మైళ్ళ స్పీడ్‌లో ఆ ఖాళీ చాలా పెద్ద ఖాళీ అండి.

ఇక మార్కెట్‌లో ఏం దొరుకుతాయి? నాలుగు రకాలుగా చూడొచ్చు. మొదటిది, ఫ్యాక్టరీ హబ్, కొత్తది. రెండోది, ఫ్యాక్టరీ హబ్‌నే విప్పి, శుభ్రం చేసి, వేడి తట్టుకునే గ్రీజు నింపి మళ్ళీ కట్టేది. మూడోది, ఫ్లాంజ్ అదే ఉంచి స్టడ్‌లు మాత్రం పొడవైన, గట్టి రకం వేసేది. నాలుగోది, మొత్తం కొత్తగా, గట్టి ఉక్కు దిమ్మ నుంచి చెక్కి, మెరుగైన బేరింగ్ పెట్టి రేసింగ్ కోసమే చేసిన హబ్. నాలుగోది ఖరీదెక్కువ. కానీ స్లిక్ టైర్లతో గంటలు గంటలు రేస్ చేసేవాళ్ళకి అది ఖర్చు కాదు, ఆదా. ఎందుకంటే లేకపోతే వాళ్ళు సీజన్‌లో హబ్‌లని బ్రేక్ ప్యాడ్‌లు మార్చినట్టు మార్చాలి.

ఇంజినీరింగ్ ఇక్కడితో అయింది. ఇప్పుడు రూల్స్.

అమెరికాలో ఆటోక్రాస్ అంటే ఎక్కువగా ఎస్‌సీసీఏ, అంటే స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా. 1944 లో పుట్టిన క్లబ్. వీళ్ళ సోలో రూల్‌బుక్‌లో స్ట్రీట్ అనే క్యాటగిరీ ఉంది. మనలాంటి కొత్తవాళ్ళు మొదలుపెట్టేది అక్కడే. ఆ క్యాటగిరీ మూల సూత్రం ఏంటంటే, కారు ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉండాలి, రూల్‌బుక్‌లో పేరు పెట్టి అనుమతించిన మార్పులు తప్ప.

మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది ఈజీగా అర్థమవుతుంది. ఫైర్‌వాల్‌లో డిఫాల్ట్ డినై అంటాం కదా, అదే. లిస్టులో ఉన్న పోర్ట్ తెరుచుకుంటుంది, లేనిది మూసే ఉంటుంది. "ఫలానా పోర్ట్ వాడకూడదని ఎక్కడ రాసి ఉంది?" అని ఎవరూ వాదించరు. కానీ రూల్‌బుక్ చేతికిస్తే అందరం అదే వాదిస్తాం: "హబ్ మార్చకూడదని ఎక్కడా లేదే!" లేదు. ఉండదు కూడా. మార్చొచ్చని ఉందా లేదా, అదొక్కటే ప్రశ్న.

మరి స్ట్రీట్‌లో ఏం మార్చొచ్చు? షాక్ అబ్జార్బర్లు మార్చొచ్చు. బ్రేక్ ప్యాడ్‌లు మార్చొచ్చు. టైర్లు కనీసం 200 ట్రెడ్‌వేర్ ఉన్నవి వేసుకోవచ్చు. చక్రం వెడల్పు ఫ్యాక్టరీదే ఉండాలి, వ్యాసం ఒక అంగుళం అటూ ఇటూ మారొచ్చు, ఆఫ్‌సెట్ దాదాపు 7 మిల్లీమీటర్ల దాకా మారొచ్చు. ఆ హద్దులో ఉంటే స్పేసర్ కూడా ఓకే. వీల్ స్టడ్‌లు, నట్లు మార్చొచ్చు. చూశారా, స్టడ్ పేరు ఉంది. హబ్ పేరు ఆ లిస్టులో లేదు.

అంటే పైన చెప్పిన నాలుగు రకాల్లో మొదటిదానికి గొడవే లేదు. మూడోది, స్టడ్‌లు, రాసి ఉంది కాబట్టి ఓకే. నాలుగోది, రేసింగ్ హబ్, స్ట్రీట్‌లో చెల్లదు. దానికి ఎంత మంచి పేరున్నా సరే. రెండోది, మళ్ళీ కట్టిన హబ్, అసలు తగువు దీని దగ్గరే. ఫ్యాక్టరీ కొలతలకి అన్ని విధాలా సమానంగా ఉండే రీప్లేస్‌మెంట్ పార్ట్ అయితే ఎవరు తయారు చేశారన్నది పెద్ద విషయం కాదు. కానీ లోపల వేరే రకం బాల్స్ పెట్టి, ప్రీలోడ్ మార్చి, "బయటికి అలాగే ఉందిగా" అంటే అది సమానం కాదు. అమ్మేవాడి ప్రకటనలో "ఫ్యాక్టరీ కన్నా గట్టిది" అని ఉంటే, ఆ మాటే మీకు వ్యతిరేకంగా సాక్ష్యం. గట్టిది అంటే సమానం కాదనే కదా అర్థం.

ఇక్కడ ఒక మంచి వాదన వస్తుంది. "అన్నా, ఇది సేఫ్టీ కదా. హబ్ గట్టిగా ఉంటే కారు వేగం పెరగదు, చక్రం ఊడిపోకుండా ఉంటుంది అంతే. సేఫ్టీకి కూడా రూల్ అడ్డమా?"

ఈ వాదనని నేను తేలిగ్గా కొట్టిపారేయను. చక్రం ఊడితే పోయేది ట్రోఫీ కాదు. పక్కన కోన్‌లు సర్దుతున్న వాలంటీర్ కూడా ప్రమాదంలో పడతాడు. కానీ రెండు విషయాలు చూడండి. ఒకటి, గట్టి హబ్ వల్ల లాభం లేదనడం నిజం కాదు. ఇందాక చెప్పా కదా, హబ్ వంగకపోతే ప్యాడ్‌లు వెనక్కి వెళ్ళవు, పెడల్ ప్రతిసారీ ఒకేలా ఉంటుంది. నమ్మకంగా బ్రేక్ వేయగలిగే డ్రైవర్ ఆలస్యంగా బ్రేక్ వేస్తాడు. అది టైమే. రెండు, స్ట్రీట్ క్యాటగిరీ ఉన్నదే జేబు చిన్నగా ఉన్నవాళ్ళ కోసం. ఇవాళ హబ్, రేపు నకిల్, ఎల్లుండి కంట్రోల్ ఆర్మ్, అన్నిటికీ సేఫ్టీ అనే పేరే పెట్టొచ్చు. చివరికి స్టూడెంట్ లోన్ కడుతున్న కుర్రాడు తన మామూలు కారుతో వచ్చి ఆడలేడు.

మరి సేఫ్టీ ఎలా? స్ట్రీట్‌లో సేఫ్టీకి దారి గట్టి హబ్ కాదు, కొత్త హబ్. పోయేదాకా ఆగకుండా ముందే మార్చడం. ఆటోక్రాస్‌లో ఒక్కో రన్ సుమారు నిమిషం. ఆరోగ్యంగా ఉన్న ఫ్యాక్టరీ హబ్ దానికి సరిపోతుంది. మీ హబ్ ఆగడం లేదంటే మీరు చేస్తున్నది ఆటోక్రాస్ ఒక్కటే కాదు, ట్రాక్ డేలు కూడా నడుపుతున్నారన్నమాట. అప్పుడు అడగాల్సింది, ఈ కారుకి ఏ క్లాస్ సరైనది అని.

దీని మీద నేను దగ్గరుండి చూసినది ఒకటి చెప్తాను. మా గ్రూప్‌లో ఒక ఫ్రెండ్ సెకండ్ హ్యాండ్ మియాటా కొన్నాడు. సీజన్ సగంలో పాయింట్లలో ముందున్నాడు. బ్రేక్ ప్యాడ్‌లు మార్చడానికి చక్రం విప్పితే ముందు రెండు హబ్‌లూ రేసింగ్ హబ్‌లు. పాత ఓనర్ వేయించినవి, వీడికి చెప్పలేదు. నేనూ ఇంకో ఇద్దరం అక్కడే ఉన్నాం. ఒకడు అన్నాడు, "రేయ్, చక్రం వెనక ఉండే ముక్కరా ఇది, ఎవడు చూస్తాడు?" కాసేపు ఎవరం ఏం మాట్లాడలేదు. రెండో స్థానంలో ఉన్నాయన రిటైర్మెంట్‌కి దగ్గరపడ్డ పెద్దాయన. మావాడికి మొదటి ఈవెంట్‌లో టార్క్ రెంచ్ అరువిచ్చింది ఆయనే. మావాడు ఆ రాత్రే నిర్వాహకులకి మెయిల్ పెట్టాడు, పాత రిజల్ట్స్ తీసేయమని. పాయింట్లు పోయాయి. తర్వాతి ఈవెంట్‌కి ఫ్యాక్టరీ హబ్‌లతో వచ్చి మూడో స్థానంలో వచ్చాడు. ఆ పెద్దాయన వచ్చి చెయ్యి కలిపి, హబ్‌లు అమ్ముతావా అని అడిగాడు, తన ట్రాక్ కారు కోసం. అంతే, కథ అయిపోయింది.

అదే వాడు దాచిపెట్టి, ఎవరైనా ప్రొటెస్ట్ వేస్తే? ఎస్‌సీసీఏలో ఒక పోటీదారు ఇంకొకరి కారు మీద రాతపూర్వకంగా ప్రొటెస్ట్ వేయొచ్చు. కారు విప్పి చూడాలంటే వేసినవాళ్ళు ముందు బాండ్ డబ్బు కట్టాలి. కారు రూల్ ప్రకారమే ఉంటే ఆ డబ్బు విప్పి బిగించిన ఖర్చుకి వెళ్తుంది. లేకపోతే కారుది డిస్‌క్వాలిఫికేషన్. దానికన్నా పెద్ద నష్టం, మరుసటి ఆదివారం అదే ప్యాడాక్‌లో అందరి మధ్యా నిలబడాలి.

సరే, రూల్ తప్పని మీకు గట్టిగా అనిపిస్తే? మార్పించొచ్చు. ఇది చాలామందికి తెలీదు. ఎస్‌సీసీఏలో సభ్యులెవరైనా రూల్ మార్పు కోరుతూ ఉత్తరం రాయొచ్చు. సోలో ఈవెంట్స్ బోర్డ్ చూస్తుంది, నిర్ణయాలు ఫాస్‌ట్రాక్ అనే నెలవారీ బులెటిన్‌లో వస్తాయి. రాసేటప్పుడు "ఇది అన్యాయం" అని రాయకండి. ఏ మోడల్, ఏ పార్ట్, ఎక్కడ పగులుతోంది, ఫ్యాక్టరీ పార్ట్ ఇంకా దొరుకుతోందా, ప్రత్యామ్నాయం ధర ఎంత, ఫోటోలతో రాయండి. మనం బగ్ రిపోర్ట్ రాసినట్టే. "పనిచేయట్లేదు" అని రాసిన టికెట్‌ని మనమే క్లోజ్ చేస్తాం కదా.

లేదంటే క్లాస్ మారండి. పై క్యాటగిరీలకి వెళ్ళేకొద్దీ స్వేచ్ఛ పెరుగుతుంది, పోటీ కూడా పెరుగుతుంది. లేదా రూల్ ఆలోచనే వేరేగా ఉండే చోటుకి వెళ్ళండి. 24 అవర్స్ ఆఫ్ లెమన్స్ అనే సిరీస్ ఉంది, 2006 లో మొదలైంది. 500 డాలర్ల కారుతో ఎండ్యూరెన్స్ రేస్. అందులో బ్రేకులు, టైర్లు, చక్రాల్లాంటి సేఫ్టీ సామాను ఆ 500 లెక్కలోకి రాదు. ఒకే ముక్క గురించి ఒక రూల్‌బుక్ "అలాగే ఉంచు" అంటుంది, ఇంకోటి "అక్కడ పిసినారితనం వద్దు" అంటుంది. రెండూ తప్పు కాదు, రెండు వేరే ఆటలు. టైమింగ్ లేని ట్రాక్ డే అయితే రూల్‌బుక్ గొడవే తక్కువ, టెక్ ఇన్‌స్పెక్షన్‌లో చక్రం ఊగకపోతే చాలు. ఏదైనా సరే, ఈ సంవత్సరం రూల్‌బుక్ డౌన్‌లోడ్ చేసుకుని చదవండి. రూల్స్ ఏటా మారతాయి. వీడియో చూసి, నా వీడియోతో సహా, పార్ట్ ఆర్డర్ పెట్టకండి.

ఇక బిగించడం గురించి. మియాటా ముందు హబ్ నట్‌కి 29 మిల్లీమీటర్ల సాకెట్ కావాలి. టార్క్ 167 నుంచి 216 న్యూటన్ మీటర్ల మధ్య. ఇంపాక్ట్ గన్‌తో దడదడలాడించి వదిలేయకండి, టార్క్ రెంచ్ వాడండి. ఆ నట్ బిగింపే లోపలి బేరింగ్ రేస్‌లని కలిపి పట్టుకుంటుంది, తక్కువైతే ఆడుతుంది. నట్ ప్రతిసారీ కొత్తది వేసి, దాని అంచుని గాడిలోకి కొట్టి లాక్ చేయాలి. ఏబీఎస్ ఉన్న కారైతే పళ్ళ రింగ్ ఉన్న హబ్ కావాలి. మర్చిపోతే డ్యాష్‌బోర్డ్ లైటే మీకు గుర్తుచేస్తుంది. ఒక నోట్‌బుక్ పెట్టుకుని హబ్ వేసిన తేదీ, ట్రాక్ మీద ఎన్ని గంటలు నడిచిందో రాయండి. ఈ అలవాటుకి డబ్బు ఖర్చు లేదు, ఏ క్లాస్‌లోనూ నిషేధం లేదు.

చివరిగా ఇండియా నుంచి చూస్తున్నవాళ్ళకి. హైదరాబాద్‌లో, విజయవాడలో కార్లు మార్పించే కుర్రాళ్ళు బోలెడుమంది. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ జరిగాక ఉత్సాహం ఇంకా పెరిగింది. పోటీలకి అక్కడ జాతీయ సంస్థ ఎఫ్‌ఎంఎస్‌సీఐ, ట్రాక్‌లు చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో, కోయంబత్తూరులో ఉన్నాయి. ఒక్క తేడా గుర్తుంచుకోండి. ట్రాక్‌కి రూల్‌బుక్ ఒకటి, రోడ్డుకి చట్టం ఇంకొకటి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, ఆర్‌సీలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ విషయాన్ని గట్టిగానే చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణలో సెక్షన్ 182ఏ కింద, అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ ఉన్నాయి. ఇన్సూరెన్స్ పాలసీలో రేసింగ్‌కి వాడితే వర్తించదనే షరతు కూడా ఉంటుంది. ఒకసారి తీసి చదవండి. ట్రాక్ కారుని ట్రాక్‌కి ట్రక్ మీదే తీసుకెళ్ళేవాళ్ళు ఊరికే అలా చేయరు.

మొత్తం కలిపితే ఇంతేనండి. హబ్ మీద లోడ్ ఎంతో లెక్క వేయండి, గుర్తులు కనిపెట్టండి, ముందే మార్చండి. గట్టిది కావాలంటే గట్టిదాన్ని ఒప్పుకునే క్లాస్‌కి వెళ్ళండి. మీ కారు ఏ మోడల్, ఏ క్లాస్, హబ్ ఎన్నాళ్ళు ఆగింది, రాసి పంపండి. తర్వాతి ఎపిసోడ్‌లో బ్రేక్ ఫ్లూయిడ్ గురించి మాట్లాడుకుందాం. ఈలోగా ఈ శనివారం కారు జాక్ మీద లేపి, 12, 6 దగ్గర పట్టుకుని ఒకసారి ఊపి చూడండి. ఐదు నిమిషాల పని. ఉంటాను, నమస్తే.